ప్రభు భోజన సంస్కారము

ప్రభు భోజన సంస్కారము క్రైస్తవ ఆరాధనలో అతి ముఖ్యమైన ఆచారాలలో ఒకటి. యేసు క్రీస్తు తాను అప్పగింపబడిన రాత్రి శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని జ్ఞాపకము చేసుకొంటూ విశ్వాసులు రొట్టెను, ద్రాక్షారసాన్ని పుచ్చుకుంటారు. తెలుగు ప్రొటెస్టంట్లు దీనిని ప్రభు రాత్రి భోజనము, ప్రభువు బల్ల, పరిశుద్ధ సంస్కారము అని, కొన్ని సహవాసాలవారు రొట్టె విరుచుట అని, కాథలిక్కులు దివ్యసత్ప్రసాదము అని వ్యవహరిస్తారు.

బైబిలు ఆధారము

మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారము ఇది పస్కా భోజన సమయములో జరిగింది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యము నుండి విడుదల పొందినందుకు గుర్తు పస్కా. ఆ భోజనములో యేసు రొట్టెను విరిచి తన శరీరముగాను, ద్రాక్షారసపు గిన్నెను తన రక్తము వలన కలిగే నిబంధనగాను శిష్యులకు ఇచ్చాడు. యోహాను సువార్తలో రొట్టె, గిన్నెల వృత్తాంతము లేదు. ఆ రాత్రి యేసు శిష్యుల పాదాలు కడిగినట్లు ఉంది.

ఆత్మీయ అర్థము

ఈ సంస్కారములో మూడు కాలాలు కలుస్తాయి. క్రీస్తు మరణాన్ని స్మరించడము గతానికి, ఆయనతోను తోటి విశ్వాసులతోను సహవాసము వర్తమానానికి, ఆయన పునరాగమనము కొరకు ఎదురుచూడడము భవిష్యత్తుకు సంబంధించినవి. అందరూ ఒకే రొట్టెలో పాలుపొందుతారు గనుక అనేకులైనా ఒకే శరీరమని అపొస్తలుడైన పౌలు బోధించాడు (1 కొరింథీయులకు, 10వ అధ్యాయము).

ఆత్మపరీక్ష

అయోగ్యముగా ఈ భోజనము చేయరాదని పౌలు హెచ్చరించాడు (1 కొరింథీయులకు, 11వ అధ్యాయము). దీనికి భయపడి తాము పాపులమని సంస్కారానికి దూరముగా ఉండేవారు ఉన్నారు. అయితే ఆ హెచ్చరికకు ఒక సందర్భము ఉంది. కొరింథు సంఘములో కలిగినవారు ముందుగా తిని త్రాగి మత్తులవుతుండగా పేదలు ఆకలితో మిగిలిపోయేవారు. పౌలు ఖండించినది ఈ ప్రవర్తనను. "అయోగ్యముగా" అనే మాట పుచ్చుకునే విధానాన్ని తెలుపుతుంది గాని, లోపము లేనివారే రావాలని చెప్పదు. తనను తాను పరీక్షించుకొని పిమ్మట తినవలెనని పౌలు చెప్పాడే గాని మానివేయుమనలేదు. కనుక ఆత్మపరీక్షలో దేవుని యెదుట పశ్చాత్తాపముతో పాటు పొరుగువానితో సమాధానపడడము కూడా ఇమిడి ఉంది.

వివిధ సిద్ధాంతాలు

రొట్టె, ద్రాక్షారసముల సారము క్రీస్తు శరీర రక్తములుగా మారుతుందని కాథలిక్ సంఘము విశ్వసిస్తుంది. 1215లో నాల్గవ లాటరన్ సభ, 1551లో ట్రెంట్ సభ ఈ విశ్వాసాన్ని ప్రకటించాయి. రొట్టె రొట్టెగానే ఉన్నా క్రీస్తు శరీరము దానితో నిజముగా ఉన్నదని మార్టిన్ లూథర్, అది ముఖ్యముగా స్మరణార్థమని జ్వింగ్లీ బోధించారు. 1529లో మార్బర్గ్‌లో వారిరువురూ చర్చించినా ఈ విషయములో ఏకాభిప్రాయము కుదరలేదు. పరిశుద్ధాత్మ ద్వారా విశ్వాసులు క్రీస్తులో పాలుపొందుతారని కాల్విన్ వివరించాడు.

ఒకే బల్ల

కొరింథులో తలెత్తిన సమస్య దక్షిణ భారతదేశములో కులము రూపములో కనిపించింది. సంఘములోను, సంస్కారములోను కుల భేదాలు పాటించరాదని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో ఆదేశించినప్పుడు తంజావూరు ప్రాంతములో పలువురు సంఘాన్ని విడిచారు. మిషన్ల మధ్య భేదాలు మరొక అడ్డంకి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము (సి.ఎస్.ఐ.) ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాలవారిని ఒకే బల్ల వద్దకు చేర్చింది. దోర్నకల్, మెదక్ అధ్యక్ష మండలాలు ఈ సంఘానికి చెందినవే.

ఆచరణ

కాథలిక్ దేవాలయాలలో దివ్యబలిపూజ ప్రతిదినము జరగవచ్చు. పలు ప్రొటెస్టంట్ సంఘాలు నెలకొకసారి, బ్రదరన్ సహవాసాలు ప్రతి ఆదివారము దీనిని ఆచరిస్తాయి. ఆరాధనకు రాలేనివారికి పరిచారకులు వారి భాగాన్ని తీసుకొనిపోయేవారని క్రీ.శ. 2వ శతాబ్దములో జస్టిన్ మార్టిర్ వ్రాశాడు. రోగులకు, వృద్ధులకు ఇంటివద్దనే సంస్కారము ఇచ్చే పద్ధతి నేటికీ అనేక సంఘాలలో ఉంది.