హాలైడ్ అయాన్లు

హాలోజన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకుంటే ఏర్పడే ఋణావేశ అయాన్‌ను హాలైడ్ అయాన్ అంటారు. ఫ్లోరైడ్, క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్ వీటిలో ముఖ్యమైనవి. గ్రీకులో హాలోజన్ అంటే ఉప్పును పుట్టించేది.

17వ గ్రూపుకు చెందిన ఈ మూలకాలన్నిటికీ బాహ్య కర్పరంలో ఏడేసి ఎలక్ట్రాన్లుంటాయి. క్లోరిన్ విన్యాసం 2, 8, 7. ఇంకొకటి చేరితే 2, 8, 8 అయి ఆర్గాన్‌ను పోలుతుంది. కేంద్రకంలో ప్రోటాన్లు మాత్రం 17 దగ్గరే ఉంటాయి కాబట్టి ఒక ఋణావేశం మిగులుతుంది. అష్టకం పూర్తి చేసుకోవాలని పరమాణువు ‘కోరుకుంటుంది’ అని తరగతిలో చెబుతారు గానీ, పరమాణువుకు కోరికలేమీ ఉండవు. ఒకే కర్పరంలోని ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణను ఒకదానికొకటి పెద్దగా అడ్డుకోలేవు. అందువల్ల కొత్తగా వచ్చిన ఎలక్ట్రాన్‌నూ కేంద్రకం గట్టిగానే పట్టుకుంటుంది. తొమ్మిదోది మాత్రం ఇంకా పై శక్తి స్థాయికి వెళ్లాల్సిందే.

ఎలక్ట్రాన్ చేరినప్పుడు వెలువడే శక్తి మోలుకు ఫ్లోరిన్‌కు 328, క్లోరిన్‌కు 349, బ్రోమిన్‌కు 325, అయొడిన్‌కు 295 కిలోజౌళ్లు. ఈ వరుసలో ముందుండాల్సిన ఫ్లోరిన్ క్లోరిన్ కంటే వెనకబడింది. దాని పరమాణువు మరీ చిన్నది. ఇరుకింట్లో అప్పటికే ఏడుగురుంటే ఎనిమిదోవారు సర్దుకోవడం ఎంత కష్టమో, ఇక్కడా ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ అంత ఎక్కువ. అయినా మూలకాల్లో అత్యంత బలమైన ఆక్సీకరణి ఫ్లోరినే. ఫ్లోరిన్ అణువులోని బంధాన్ని తెంచడానికి 159 కిలోజౌళ్లు చాలు, క్లోరిన్‌కైతే 243 కావాలి. పైగా చిన్నదైన ఫ్లోరైడ్ అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు చాలా ఎక్కువ శక్తి వెలువడుతుంది.

ఉప్పు ఏర్పడటంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. వాయుస్థితిలోని సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చయితే, క్లోరిన్ తిరిగిచ్చేది 349 మాత్రమే. ఆ లోటును పూడ్చి మిగులు చూపేది, అయాన్లు స్ఫటికంగా పేరుకున్నప్పుడు వెలువడే సుమారు 787 కిలోజౌళ్ల జాలక శక్తి.

ఎలక్ట్రాన్‌ను లాక్కునే బలం గ్రూపులో పైనుంచి కిందికి తగ్గుతుంది. కాబట్టి క్లోరిన్, బ్రోమైడ్ నుంచి ఎలక్ట్రాన్‌ను గుంజుకోగలదు. 1826లో ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో రసాయన శాస్త్రవేత్త బలార్ ఉప్పుమడుల ద్రావణంలోకి క్లోరిన్ పంపి, బ్రోమిన్‌ను కనుగొన్నది ఇలాగే.

హాలైడ్లను గుర్తించడానికి వాటి ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తారు. క్లోరైడ్ ఉంటే పెరుగు తరకల్లాంటి తెల్లని అవక్షేపం వస్తుంది, అది అమ్మోనియాలో కరిగిపోతుంది. బ్రోమైడ్‌ది లేత పసుపు, అయొడైడ్‌ది చిక్కటి పసుపు. సిల్వర్ ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది కాబట్టి ఫ్లోరైడ్ ఈ పరీక్షకు చిక్కదు.

ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలో హైడ్రాక్సైడ్‌కు దగ్గరగా ఉండటంతో ఎముకల్లో, పళ్లలో దాని స్థానంలోకి చేరిపోతుంది. నల్లగొండ ప్రాంతాన్ని పీడించిన ఫ్లోరోసిస్‌కు మూలం ఇదే. తాగునీటిలో పటిక, సున్నం కలిపి, తేరుకున్నాక వడకట్టి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది.