అగ్గిరాముడులో నాజర్, పోకిరిలో అలీభాయ్

నక్కపల్లిలో సినిమా చదువంటే నవ్వుతారు. చూడ్డానికి టికెట్టు డబ్బులుంటే చాలదా, దానికి కూడా కాలేజీయా అంటారు. సాయిబుల ఇళ్లలో అయితే నవ్వడం కూడా ఉండదు. మా పెద్దల లెక్కలో సినిమా హరామ్. అయినా చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు, ఇంట్లో చెప్పకుండా. మగపిల్లలు పాయకరావుపేట దాటి, తాండవ వంతెన దాటి, తునిలో సెకండ్ షో చూసి ఫజర్ నమాజుకు ముందే ఇంట్లో పడుకునేవాళ్లు. ఆడపిల్లలకు ఆ వంతెన లేదు.

అలాంటి చోట మేం కొందరం ఆన్‌లైన్లో ఒక కాలేజీ నడిపే ఫిల్మ్ స్టడీస్ కోర్సులో చేరాం. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్లం, మిషను కుట్టుకునేవాళ్లం, మెకానిక్ షెడ్డులో పనిచేసేవాళ్లం. జీవితంలో ఒక్కసారి కూడా సినిమాహాలు మెట్టెక్కని ఆడమనిషి కూడా మాలో ఉంది. అందరికంటే ముందు పాఠాలు పూర్తిచేసింది ఆవిడే.

ఈ చదువు మా గడప దాకా రావడానికి చాలా కాలం పట్టింది. పుణెలో ప్రభాత్ స్టూడియో ఆవరణలో ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది 1960లో. సినిమాలు దాచే జాతీయ ఆర్కైవ్ 1964లో వచ్చింది. సినిమాని ఎలా చదవాలో ఆ పుణెలో సతీశ్ బహదూర్ లాంటి వాళ్లు ఒక తరానికి నేర్పారు. కానీ పుణె ఎక్కడ, నక్కపల్లి ఎక్కడ? అక్కడికి పోవాలంటే డబ్బుండాలి, ఇంగ్లీషుండాలి, అన్నిటికంటే ముందు పోనిచ్చే ఇల్లుండాలి. చదువే మనిషి దగ్గరకు రావాలన్న ఆలోచనతో 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటిది. పాఠం పుస్తకమై వచ్చింది. తర్వాత 2003లో ఐఐటీలు తమ పాఠాలను వీడియోలుగా తయారుచేసే పని మొదలుపెట్టాయి, 2017లో 'స్వయం' వచ్చింది. 2020లో కరోనా వచ్చి అన్ని తలుపులూ మూసేసినప్పుడు పుణె ఇన్‌స్టిట్యూట్ కూడా ఆన్‌లైన్లో చిన్న చిన్న కోర్సులు నడిపింది. పరదా వెనకున్న ఆడవాళ్ల దాకా కాలేజీ రావడానికి ఒక మహమ్మారి కావలసి వచ్చింది. దానికి సంతోషించాలో ఏడవాలో మాకు తెలీదు.

సరే, చేరాం. ఓడెస్సా మెట్ల మీద జారిపోయే పిల్లబండి చూశాం. పోయిన సైకిలు కోసం రోమ్ వీధుల్లో తిరిగే తండ్రీ కొడుకులని చూశాం. కాశపూల మధ్య రైలు కోసం పరిగెత్తే అపూ దుర్గలని చూశాం. మీజాన్‌సెన్ అనే మాట నేర్చుకున్నాం. ఫ్రేములో ఎవర్ని మధ్యలో నిలబెట్టారు, ఎవర్ని మూలకు నెట్టారు, వెలుగు ఎవరి ముఖం మీద, నీడ ఎవరి ముఖం మీద - ఇదీ దానర్థం. ఈ సంగతి మాకు వేరే నేర్పాలా? ఊరి ఫ్రేములో మేం ఎక్కడ నిలబడ్డామో పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే కదా! కాకపోతే దానికో పేరుందని ఇప్పుడు తెలిసింది.

పాఠాల్లో తెలుగు సినిమా ఊసు దాదాపు లేదు. అందుకని ఆ పనిముట్టు పట్టుకుని మేమే వెనక్కి వెళ్లాం.

వెళ్తే మొదట దొరికింది అగ్గిరాముడు. 1954లో వచ్చిన సినిమా. రామారావు, భానుమతి అందులో నాయికా నాయకులు. అందులో అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. చెప్పింది షేక్ నాజర్. మాది సీతారామరాజు మన్యం దిగువ నేల. 1922 ఆగస్టులో ఆయన దండు కొట్టిన చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీస్ స్టేషన్లకు నర్సీపట్నం మీంచే దారి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. చిన్నప్పట్నుంచీ ఆ పేరు విని ఒళ్లు పులకరించినవాళ్లమే. కానీ కృష్ణ సినిమా 1974లో రావడానికి 20 ఏళ్ల ముందే మా మన్యం వీరుణ్ణి తెరమీద గొంతెత్తి పాడినవాడు గుంటూరు జిల్లా పొన్నెకల్లు సాయిబు అని మాకెవరూ చెప్పలేదు. బళ్లో చెప్పలేదు. మసీదులోనూ చెప్పలేదు.

మసీదులో ఎందుకు చెప్పలేదో కూడా మాట్లాడుకోవాలి. నాజర్ దూదేకుల ఇంట పుట్టాడు. ఉర్దూ రాని, దూది ఏకే సాయిబుని తోటి ముసల్మానులే తక్కువ చూశారు. హిందువులకు సాయిబు, షేకు సయ్యదులకు పింజారి. ఆ తిట్టునే ఆయన తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్నాడు. ప్రజానాట్యమండలిలో పనిచేసి, భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలతో ఆంధ్రదేశమంతా తిరిగి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో పోయాడు. బుర్రకథలో కథకుడు మధ్యలో ఉంటాడు, వంతలు అటూ ఇటూ. అంటే ఫ్రేము మధ్యలో నాజరున్నాడు! టోపీ పెట్టుకుని కాదు, తన దేశభక్తి రుజువు చేసుకోవడానికీ కాదు. అందరి కథ చెప్పేవాడిగా ఉన్నాడు. ఆ తర్వాత తెలుగు తెర ఆ చోటు ఎంతమందికిచ్చింది?

జానపదాల కాలంలో మాకు బాగ్దాద్ ఇచ్చారు. బాగ్దాద్ గజదొంగ (1968), ఆలీబాబా 40 దొంగలు (1970). అక్కడ సలామ్‌లూ జిగేల్మనే తలపాగాలూ ఉంటాయి, కానీ పొరుగింటి ముసల్మాను ఉండడు. అక్బర్ సలీం అనార్కలి (1979)లో మొఘల్ దర్బారు వచ్చింది, రఫీ సాబ్ గొంతు వచ్చింది. దూది ఏకేవాళ్లం, దర్జీలం, లారీ క్లీనర్లం మాత్రం రాలేదు. అదే కాలంలో తీసిన మాభూమి సంగతి వేరు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. తెలుగువాడి భూమి గోడు తెరకెక్కింది ఉర్దూ పుస్తకంలోంచి. ఉర్దూ పరాయిదనేవాళ్లు ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకుంటే చాలు. రాసినవాడు ముసల్మాను కాదన్న సంగతి కూడా మావాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

1992 తర్వాత కెమెరా మారింది. అప్పట్నుంచీ ముసల్మాను తెరమీదికి వస్తే హాజరు వేయించుకోవాలి. ఖడ్గం (2002)లో ఆటో నడిపే అంజాద్ మంచివాడే, దేశాన్ని ప్రేమిస్తాడు. కానీ అతని తమ్ముడు తీవ్రవాది. అన్న మంచితనం తమ్ముణ్ణి పెట్టి కొలవాల్సిందేనా? వేదం (2010)లో రహీముద్దీన్ ఖురేషీ ఏ తప్పూ చేయకుండా తీవ్రవాదన్న అనుమానానికి గురై, చివరికి పోలీసు ప్రాణం కాపాడి మంచివాడనిపించుకోవాలి. మామూలుగా బతికేస్తే కుదరదు.

మా నర్సీపట్నం ప్రాంతంవాడైన పూరి జగన్నాథ్ 2006లో పోకిరి తీశాడు. ఆ సినిమా మేం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు, ఈలలు కూడా వేశాం. మావాడే తీశాడని గొప్పగా ఉండేది. అందులో మాఫియా డాన్ పేరు అలీభాయ్. అప్పట్నుంచీ షెడ్డులో, బస్టాండులో మావాళ్లను 'ఏం అలీభాయ్' అని పిలవడం మొదలైంది. సరదాకే. మేమూ నవ్వేవాళ్లం. ఫ్రేము గురించి చదివాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతోంది. తీసినవాడి మనసులో విషం ఉందని మేమనం. అలవాటుంది. డాన్ అనగానే ఆ పేరే నోటికి వచ్చే అలవాటు. విషం కంటే దాన్ని పట్టుకోవడం కష్టం.

2018లో విశాఖ కంచరపాలెం మనుషులతోనే కేరాఫ్ కంచరపాలెం వచ్చింది. అందులో సలీమా బురఖాలో బ్రాందీ షాపుకు వస్తుంది. కళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఆ కళ్లనే గడ్డం ప్రేమిస్తాడు. ఆమె ఒళ్లమ్ముకుని బతికే మనిషి. దీనిమీద మాలో పెద్ద గొడవైంది. మా ఆడవాళ్లను చూపించడానికి ఇంకో పని దొరకలేదా అని సగంమంది. అంత ప్రేమగా మా భాషలో, మా యాసలో ఇంకెవరు చూపించారని మిగతా సగం. సినిమాహాలు మెట్టెక్కని ఆవిడ చివరికి అంది, 'కోపం నాకూ ఉంది. కానీ బురఖాలో ఉన్న మనిషి తన ఇష్టం తను చెప్పుకోవడం నేను మొదటిసారి చూశాను.' గొడవ తెగలేదు.

ఆర్ఆర్ఆర్ (2022) గురించి కూడా రాయాలి. అందులో మా రామరాజు ఉన్నాడు. కొమురం భీమ్ ఢిల్లీలో అఖ్తర్ పేరుతో ముసల్మానుగా దాక్కుంటాడు. ఒక ముస్లిం కుటుంబం నీడనిస్తుంది. 2020లో టీజర్లో భీమ్ తలమీద టోపీ కనిపించగానే ఎంత రాద్ధాంతం జరిగింది! మారువేషంగా కూడా మా టోపీ పనికిరాదా? 1954లో రామరాజు కథ నాజర్ చెబితే ఎవరూ అడ్డుపడలేదే!

మా కోర్సులో వారం వారం ప్రశ్నలిస్తారు. నాలుగు జవాబులుంటాయి, ఒకటి ఎంచుకోవాలి. రాసి పంపే జాగా లేదు. అందుకని ఈ వ్యాసంలో ఉన్నదంతా ముందు ఒక లాంగ్ నోట్‌బుక్కులో తెలుగులో రాసుకున్నాం. నాజర్ పేజీ దగ్గర మాలో పెద్దాయన ఒకరు పెన్సిలుతో మార్జినులో రాశారు: 'మా నాన్న దూదేకేవాడు. ఈ సంగతి ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు.'