స్వేచ్ఛాదేహ సంఘములు: తరముల ప్రశ్న

నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందరు చెవులు మూసికొనవచ్చును. విషయము సామూహిక నగ్నతయే. కాని నేను దాని గుణదోషములు విచారింపబోవుటలేదు. ఒక తరము కట్టిన సంస్థను తరువాతి తరమేల విడుచును? ఇదియే నా ప్రశ్న.

మన దేశమున దిగంబరత్వము క్రొత్తది కాదు. జైనమునులు సర్వమును త్యజించుటలో వస్త్రమును గూడ త్యజించిరి. జర్మనీవారి నగ్నత వేఱు. అది సన్న్యాసము కాదు, ఆరోగ్యసాధనము; ఒంటరివ్రతము కాదు, సంఘజీవనము. పందొమ్మిదవ శతాబ్దమున అచట కర్మాగారములు పెరిగి పట్టణములు పొగతో నిండెను. ఎండయు గాలియు ఒంటికి సోకినగాని ఆరోగ్యము నిలువదని తలచినవారు 1898లో ఎస్సెన్ పట్టణమున తొలిసంఘమును స్థాపించిరి. అంతకు ముందే, 1891లో, మన ఠాణా పట్టణమున క్రాఫర్డ్ అను ఆంగ్ల న్యాయాధిపతి యిట్టి సంఘమొకటి నెలకొల్పెను. సభ్యులు ముగ్గురే; అది అచిరకాలముననే అంతరించెను.

1920 దశకమున బెర్లినులో అడాల్ఫ్ కోఖ్ అను ఉపాధ్యాయుడు శ్రామికజనులకు ఈ పద్ధతిని వ్యాయామము నేర్పెను. 1933 మార్చిలో గోరింగు ఈ యుద్యమమును నిషేధించుచు ఆజ్ఞ వెలువరించెను. కొన్ని సంఘములు రద్దయ్యెను. కొన్ని ప్రభుత్వమునకు లొంగి బ్రదికెను. యుద్ధానంతరము, 1949లో, పశ్చిమజర్మనీయందు జాతీయ సమాఖ్య యేర్పడెను. తూర్పుజర్మనీలో 1954లో బాల్టిక్ తీరమున నగ్నస్నానమును నిషేధింపగా ప్రజలు వినలేదు. 1956లో ప్రత్యేకస్థలములందు అనుమతింపక తప్పలేదు.

రాజాజ్ఞకు చావనిది నేడు దేనికి కృశించుచున్నది? ఆ సమాఖ్య 2024లో తన 75వ వత్సరపు ఉత్సవమును తలపెట్టి, వచ్చువారు చాలక మానుకొనెను. సభ్యసంఖ్య యిరువదియైదేండ్లలో సగమై 34,000కు దిగినదని దాని పెద్దలే చెప్పిరి. యువజనులు ఎండను ద్వేషింపలేదు. చందా కట్టుట, నియమములకు లోబడుట వారికి రుచింపలేదు. మ్యూనిక్ నగరోద్యానమున అనుమతించిన చోట్ల ఏ సంఘమును లేకయే ఎండ కాగవచ్చును. పైగా నేడు ప్రతిచేతిలోను ఛాయాచిత్రయంత్రమున్నది. ఒడ్డున తీసిన బొమ్మను గడియలో లోకమంతయు చూడగలదు. పరస్పర విశ్వాసమే పునాదిగాగల ఆచారమునకు ఇది గొడ్డలిపెట్టు.

ఈ వృత్తాంతము చదివినప్పుడు నాకు మా గురువుగారి వీథియరుగు జ్ఞప్తికి వచ్చినది. అచట మేము అమరకోశము వల్లెవేసితిమి. నేనును నా మనుమనిచే వల్లెవేయింప యత్నించితిని. వాడు "తాతగారూ, కావలసినప్పుడు చూచుకొందును గదా, వల్లె యెందులకు?" అనెను. ఉత్తరమీయలేక గద్దించితిని. అది నా తప్పు. ఆచారమును అప్పగించితిని, కారణమును అప్పగింపలేదు. 1898 నాటివారికి పొగ కంటికెదురుగా నుండెను. వారికి కారణము వేఱుగా చెప్పనక్కఱ లేకపోయెను. నేటివారికి చెప్పవలెను.

ఇక ఆ సంఘముల భావి యేమి? సంఘములు సన్నగిల్లి అలవాటు మాత్రము మిగులునని నా యూహ. అది పూర్తి నష్టమని చెప్పజాలను. నేను మనుమని మరల పిలిచితిని. శ్లోకమునకు ముందు, అదియేల పుట్టెనో చెప్పనారంభించితిని. వాడిప్పుడు లేచిపోక కూర్చుండి వినుచున్నాడు.