ధర్మపురి సీమలో యుద్ధ ప్రచారం, యుద్ధానుభవం (1939–45)

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ధర్మపురి ప్రత్యేక జిల్లా కాదు. 1965లో విడివడే వరకు అది సేలం జిల్లాలో అంతర్భాగం. తమిళంతో పాటు తెలుగు, కన్నడం కూడా వినిపించే ఈ మెట్టసీమకు యుద్ధరంగాలు ఎంత దూరమైనా, 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతీయ నాయకులను సంప్రదించకుండానే దేశాన్ని యుద్ధంలోకి దించిన తర్వాత ప్రభుత్వ ప్రచారం ఇక్కడికీ చేరింది. అయితే సామాన్య జనానికి యుద్ధాన్ని బోధపరచినవి సర్కారు మాటల కంటే సర్కారు చేతలే.

హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ నాయకత్వంలోని కాంగ్రెసు మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేయడంతో మద్రాసు ప్రెసిడెన్సీ గవర్నరు పాలన కిందికి వచ్చింది. యుద్ధ విరాళాల సేకరణ అధికార యంత్రాంగం చేతిలో పడింది. ఆ విరాళాలకు గుర్తింపుగా బ్రిటిష్ వాయుసేనలోని 79వ స్క్వాడ్రన్, అంటే ఒక విమాన దళం, ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరు ధరించింది. శిస్తు వసూలు చేసే అధికారులే చందా కూడా అడిగినప్పుడు దాన్ని స్వచ్ఛందమని రైతు నమ్మడం కష్టం.

చేతిలోని నాణెం మరింత స్పష్టంగా మాట్లాడింది. అంతవరకు పన్నెండింట పదకొండు పాళ్లు వెండి ఉన్న రూపాయిలో 1940 నుంచి సగమే మిగిలింది. 1943లో రాగిని ఆదా చేయడానికి నడుమ పెద్ద చిల్లుతో పైసా వెలువడింది. విజయం తథ్యమని చాటుతున్న ప్రభుత్వానికే లోహం కరవైందని గ్రహించడానికి అక్షరజ్ఞానం అక్కరలేదు. 1906 నుంచి మొరప్పూరును ధర్మపురితో కలిపి, తరువాత హోసూరు దాకా సాగిన చిన్న రైలు మార్గం సైతం 1941లో మూతపడి, దాని పట్టాలు ఊడిపోయాయి.

1942లో సర్కారు మాటలకూ జనం అనుభవానికీ మధ్య అంతరం ఇంకా పెరిగింది. ఫిబ్రవరి 15న సింగపూరు పతనమవడంతో, మలయా రబ్బరు తోటలకు కంగాణీల (కూలీలను సమీకరించి తీసుకుపోయే మేస్త్రీల) వెంట సేలం జిల్లా నుంచి వెళ్లినవారి ఉత్తరాలూ మనియార్డర్లూ ఆగిపోయాయి. మార్చిలో రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం రాక నిలిచిపోయింది. పుకార్లను అణచి జనంలో ధైర్యం నిలపడానికి అదే ఏడాది నేషనల్ వార్ ఫ్రంట్ అనే ప్రచార వ్యవస్థ ఏర్పడింది. కానీ ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడ్డాక, మద్రాసును విడిచి పొమ్మని ప్రభుత్వమే ప్రజలకు సూచించడంతో, లోనాడు ఊళ్లకు తరలివచ్చిన కుటుంబాలే ఆ ప్రచారానికి ప్రత్యక్ష ఖండనగా నిలిచాయి.

ప్రభుత్వ ప్రచారానికి సినిమా కూడా మినహాయింపు కాదు. ముడి ఫిల్ము కొరతను ఆసరా చేసుకుని, యుద్ధ ప్రయత్నానికి తోడ్పడే చిత్రాలు తీయాలని ప్రభుత్వం నిర్మాతలపై ఒత్తిడి తెచ్చిన రోజుల్లో, సేలంలోని మోడరన్ థియేటర్స్ 1945లో ‘బర్మా రాణి’ని విడుదల చేసింది. జపాను ఆక్రమణలోని బర్మాలో చిక్కుకున్న భారతీయ వైమానికుల కథ అది. కానీ అదే ఏడాది నవంబరులో, జపాను పక్షాన బ్రిటిష్ వారిపై పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజు అధికారులపై ఎర్రకోటలో విచారణ మొదలైంది. ఆ ఫౌజులో మలయా తోటల తమిళ కూలీలు పెద్ద సంఖ్యలో చేరినందువల్ల, ప్రభుత్వం రాజద్రోహులుగా చూపినవారిని వలసలు సాగిన జిల్లాలు తమ బిడ్డలుగా గుర్తించగలిగాయి. వార్తలను ప్రభుత్వం అదుపు చేయగలిగినా, ఆ వార్తలను జనం సరిపోల్చుకునే బంధుత్వాలూ బతుకుతెరువులూ దాని అదుపులో లేవు.