సౌండు బంద్ చేసి చూస్తే కనబడ్డ చరిత్ర

పోస్టు కొంచెం పెద్దగైంది. వీలు చూసుకుని చివరిదాకా చదవండి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటం.

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న విడుదలైంది. అప్పటికి మేమంతా ఆశ్రమ పాఠశాలల్లో నాలుగు, ఐదు తరగతుల్లో ఉన్నం. థియేటర్‌లో చూసినోళ్ళం తక్కువ. తర్వాత హాస్టల్ టీవీలో ఎన్నిసార్లు చూసినమో లెక్కలేదు. కాలకేయులతో యుద్ధం మొదలైందంటే పళ్ళాలు కింద పెట్టి విజిళ్ళు. ఒక్కో కాలకేయుడు పడుతుంటే ఒక్కో అరుపు.

ఇప్పుడు డిగ్రీకి పట్నం వచ్చినం. పోయిన ఏడాది మా హాస్టల్ తమ్ముడొకడు కాలేజీ మెట్ల మీద కూర్చొని ఇంటికి ఫోన్ చేసి మన భాషలో మాట్లాడుతున్నడు. వెనక నుంచి ఎవరో “ఏ కాలకేయా, ఎవరితోరా?” అన్నరు. నలుగురు నవ్విన్రు. ఆ రోజు నుంచి ఆ తమ్ముడు ఇంటికి ఫోన్ చెయ్యాలంటే గేటు బయటికి పోతున్నడు.

రాత్రి రూములో అందరం కోపం మీద ఉన్నం. పోయి అడుగుదామా, కంప్లైంట్ ఇద్దామా అని మాట్లాడుకుంటుంటే ఆ తమ్ముడే అన్నడు: “వాళ్ళనేముంది అన్నా. చిన్నప్పుడు మనం గూడ విజిల్ కొట్టినోళ్ళమే గదా.”

ఎవ్వరం జవాబు చెప్పలేకపోయినం. నిజమే. మన రంగు లాంటి రంగు, మనది లాగే పక్కోళ్ళకు అర్థం కాని భాష. అసొంటోళ్ళు తెర మీద చస్తుంటే మేమెందుకు సంబరపడ్డం? మాకెవరు నేర్పిన్రు? ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ, చూస్తూ పోతే తేలిన సంగతులే ఈ పోస్టు.

ముందుగా, ఈ పని ఎప్పటి నుంచి జరుగుతున్నది

సినిమా పుట్టిన కొత్తలోనే దాని బలం ఏందో తెలిసిపోయింది. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావం లేని ఒకే ముక్కను, వేరే వేరే బొమ్మల పక్కన అతికించి చూపించిండు. పక్కన సూప్ గిన్నె పెడితే జనం ఆ ముఖంలో ఆకలి చూసిన్రు. శవపేటిక పెడితే దుఃఖం చూసిన్రు. ముఖం మాత్రం అదే. అంటే భావం ముఖంలో లేదు, రెండు ముక్కలను అతికించిన చోట ఉన్నది. ఎడిటింగ్ అనేది కథను ముందుకు నడపడంతోనే ఆగదు. ఎవరి మీద జాలి పడాలె, ఎవరిని చూసి భయపడాలె అన్నది కూడా అదే చెప్తది.

ఈ బలాన్ని ఎట్లా వాడొచ్చో అమెరికాలో 1915లో తెలిసింది. డి.డబ్ల్యు. గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీసిండు. టెక్నిక్ పరంగా ఆ కాలానికి అది చాలా పెద్ద సినిమా. అందులో నల్లజాతి వాళ్ళ ముఖ్యమైన పాత్రలను తెల్లవాళ్ళే ముఖానికి నల్లరంగు పూసుకుని వేసిన్రు, వాళ్ళను మృగాల్లాగ చూపించిన్రు. ఆపదలో ఉన్న తెల్లవాళ్ళు ఒక ముక్క, గుర్రాల మీద దూసుకొచ్చే కు క్లక్స్ క్లాన్ ముఠా ఒక ముక్క. ఇటు అటు, ఇటు అటు. గుండె దడదడలాడుతుంటే ‘తొందరగా రండి’ అని హంతక ముఠాను చూసేవాళ్ళే పిలిచే తీరుగ కట్టిండు. సచ్చిపోయిందనుకున్న ఆ ముఠా అదే 1915లో మళ్ళ లేచింది. నల్లజాతి వాళ్ళ సంఘం ఎన్ఏఏసీపీ ఊరూరా సినిమాను వ్యతిరేకించింది. సినిమాను సినిమాలాగ చూడాలె అనేటోళ్ళకు ఈ ఒక్క సంగతి చెప్పొచ్చు.

మన తెర వెడల్పైన రోజు

తెలుగులోకి వద్దాం. 1974లో కృష్ణ గారి నూరో సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ అదే. తెర వెడల్పైంది. మన్యం కొండలు, అడవి, వందలమంది జనం ఒక్క ఫ్రేములో పట్టిన్రు. మన తాతల కాలపోళ్ళు ఆ సినిమా చూసి ఏడ్చిన్రు, గర్వపడ్డరు. ఆ గర్వాన్ని తక్కువ చేసి మాట్లాడేది లేదు. సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర ప్రాణం ఇచ్చిన మనిషి.

కానీ అంత వెడల్పు తెరలో మధ్యన ఒక్కరు, చుట్టూ మన జనం. మన పేర్లు ఎంతమందికి గుర్తున్నయి? మా క్లాసులో అల్లూరి పేరు తెలియని వాళ్ళు లేరు. గాం గంటం దొర, గాం మల్లు దొర అంటే తెలిసినోళ్ళు ఇద్దరే. ఆ అన్నదమ్ములు అల్లూరి పక్కన నిలబడి కొట్లాడిన్రు. మల్లు దొర జైలుకు పోయి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచిండు. తుపాకీ పట్టిన మన్యం మనిషి పార్లమెంటులో కూర్చున్నడు. ఇంతకంటే సినిమా కథ ఏం కావాలె?

ఇంకొంచెం వెనక్కి పోతే, అల్లూరి పుట్టక ముందే 1879లో రంప తిరగబడ్డది. కారం తమ్మన్న దొర అసొంటి వాళ్ళు నడిపిన్రు. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద, అడవి మీద ఆంక్షలు పెరిగినయి. గూడెంలో బాస్టియన్ అనే తహసీల్దారు రోడ్డు పనులకు మన్యం జనంతో గొడ్డు చాకిరీ చేయించి కూలి సరిగ్గ ఇయ్యలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగిందంటే దాని వెనక ఇన్నేళ్ళ మంట ఉన్నది. ఒక్క వీరుడు వచ్చి నిద్రపోతున్న జనాన్ని లేపిండు అనే కథ తెరకు బాగుంటది. జనం అప్పటికే మేలుకుని ఉన్నరు అన్నది చరిత్ర.

కాలకేయులు: సౌండు తీసేస్తే

ఇప్పుడు తమ్ముడి మాట దగ్గరికి. ఒక ఆదివారం రూములో ల్యాప్‌టాప్ పెట్టి, కాలకేయ యుద్ధాన్ని సౌండు మొత్తం బంద్ చేసి చూసినం.

డప్పులు లేవు, కొమ్ముల మోత లేదు. అప్పుడు కనబడ్డది ఇది. ఒక పక్క రాళ్ళు విసిరే యంత్రాలు, వ్యూహాలు, మెరిసే కవచాలు. ఇంకో పక్క నల్లటి ఒళ్ళు, చింపిరి జుట్టు, గుంపుగా ఉరికి వచ్చే మనుషులు. భల్లాలదేవుడి రథం ముందర కత్తులు గిరగిర తిరుగుతుంటయి, ఆ రథం మనుషుల్లోంచి కోసుకుంటూ పోతది. సౌండు ఉన్నప్పుడు అక్కడ విజిల్ పడ్డది. సౌండు లేనప్పుడు మాలో ఒకరు “ఆపురా” అన్నరు.

సినిమా అన్యాయంగా చంపుతున్నట్టు చూపియ్యలేదు, అది ఒప్పుకోవాలె. కాలకేయులే దండెత్తి వచ్చిన్రు, వాళ్ళ నాయకుడు శివగామిని నీచంగ మాట్లాడిండు, అమాయకులను అడ్డం పెట్టుకున్నరు. చంపడానికి కావాల్సిన కారణాలన్నీ ముందే మన చేతిలో పెట్టిన్రు. కానీ వాళ్ళలో ఒక్క తల్లి లేదు, ఒక్క పిల్ల లేదు, ఏ ఊరి నుంచి వచ్చిన్రో లేదు. మహాభారతంలో కాలకేయులు దానవులు. సినిమాలో వాళ్ళను ఒక తెగ చేసిన్రు, అక్కడున్నది కిటుకు. దానవుడు బయట కనబడడు. తెగ అంటే కాలేజీ మెట్ల మీద కూర్చొని ఫోన్ మాట్లాడుతుంటది.

భాష సంగతి గూడ చూడండి. వాళ్ళ కోసం కిలికి అనే కొత్త భాష కట్టిన్రు, కట్టింది మదన్ కార్కి. మెచ్చుకోవాల్సిన పనే. కానీ నాలుకతో టక్కుటక్కుమనే చప్పుళ్ళు అందులో పెట్టిన్రు. ఆ చప్పుళ్ళు దక్షిణ ఆఫ్రికాలో నిజంగ బతికున్న ప్రజల భాషల్లో ఉన్నయి. ఒకరి అమ్మభాషలోని అక్షరం మనకు రాక్షసుడి గుర్తైంది. ఆ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు గూడ వచ్చింది.

ఆర్ఆర్ఆర్: కొరడా ఎవరి చేతిలో, కన్నీళ్ళు ఎవరి కంట్లో

2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ వచ్చినప్పుడు ఇంటర్ చదివే వయసులో ఉన్నం. పైసలు జమచేసుకుని పోయినం. కొమురం భీం పేరు అంత పెద్ద తెర మీద చూసి అరిచినం. ‘కొమురం భీముడో’ పాట చాలామంది ఫోన్లలో రింగ్‌టోన్ అయింది. అబద్ధం ఎందుకు, ఆ పాటకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది.

ఆ సీనునే మళ్ళ సౌండు లేకుండ చూసినం. భీంను కట్టేసి కొడుతున్నరు. కొట్టేది రాం. కెమెరా ఒకసారి భీం రక్తం మీదికి, ఒకసారి రాం కన్నీళ్ళ మీదికి. ఇటు అటు, ఇటు అటు. కులెషోవ్ సంగతి గుర్తు తెచ్చుకోండి. దెబ్బలు తినేటోని నొప్పికి పక్కనే కొట్టేటోని నొప్పిని అతికిస్తే, మన జాలి సగం అటు పోతది. రాంకు చిన్నప్పటి కథ ఉన్నది, తండ్రికి ఇచ్చిన మాట ఉన్నది, పెద్ద లక్ష్యం ఉన్నది. భీంకు? ఒక పిల్లను, మల్లిని, ఇంటికి తీసుకపోవాలె. మంచి పనే, కానీ అంతే. రాం సంగతి తెలిసినంక, తను అడవి మనిషిని కాబట్టి అర్థం చేసుకోలేకపోయినని భీం కుమిలిపోతడు. కొరడా దెబ్బలు తిన్నోడే తప్పు ఒప్పుకుంటడు.

చరిత్రలో భీం సంగతి వేరే. అతను కొట్లాడింది ఢిల్లీలో తెల్లదొరతో కాదు. నిజాం రాజ్యంలో అడవి సర్కార్లతో, పట్వారీలతో, షావుకార్లతో, పోలీసులతో. దున్నుకునే భూమిని రిజర్వు ఫారెస్టు అన్నరు, పశువులు మేపితే పన్ను అన్నరు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి అసొంటి 12 ఊర్ల మీద మా రాజ్యం మాకు కావాలె అని అడిగిండు. 1940లో జోడేఘాట్ గుట్టల మీద చంపేసిన్రు. ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ మన జనం కూడుతరు. తెల్లదొర ఇప్పుడు లేడు, కాబట్టి అతన్ని తిడుతూ చప్పట్లు కొట్టడం సులువు. పోడు భూమి, ఫారెస్టు కేసు అంటే ఈరోజు కథ. తెర మీద శత్రువును మారిస్తే, ఈరోజు అడగాల్సిన ప్రశ్న గూడ మాయమైతది.

చివరి సీను: అక్షరాలు

మాకు అన్నిటికంటే గుచ్చుకున్నది చివరి సీను. నీకేం కావాలె అని రాం అడిగితే, చదువు కావాలె అంటడు భీం. ‘జల్ జంగల్ జమీన్’ అని రాం చేత్తో రాస్తడు. మన మాట, వేరే చేతి రాత.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల చదివినోళ్ళకు తెలుసు. అందులోని భీం ఊరు విడిచిపోయి పనిచేసుకుంటూ చదువు నేర్చుకున్న మనిషి. ఇంకో సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరిలో గోండి లిపి రాతప్రతులు దొరికినయి. సుమారు 1750 ప్రాంతం నాటివని పండితుల అంచనా. అంటే భీం పుట్టడానికి నూరేళ్ళకు ముందే మనోళ్ళు రాసుకున్నరు. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది.

మన బడి గూడ ఎవరో కరుణించి ఇచ్చింది కాదు. జోడేఘాట్ తర్వాతనే నిజాం సర్కారు గోండుల కష్టాలు తెలుసుకోమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన పనిచేసిన మార్లవాయిలోనే 1943లో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. మా ఇండ్లల్లో కాలేజీకి వచ్చిన మొదటి మనుషులం మేమే. మా చదువు వెనక జోడేఘాట్ రక్తం ఉన్నదని తెలిసినంక ఆ చివరి సీనుకు చప్పట్లు కొట్టలేకపోయినం.

అయితే సినిమాలు చూడొద్దా?

చూద్దాం. టెక్నాలజీది తప్పు కాదు. 2021లో వచ్చిన తమిళ సినిమా ‘జై భీమ్’ను తెలుగులో ఫోన్లలో చూసినం. జైలు బయట కులం అడిగి, కొందరిని పొమ్మని, కొందరిని పక్కకు నిలబెట్టే సీనుతో అది మొదలైతది. అక్కడా ఎడిటింగే, సౌండే. కానీ లాకప్‌లో ఉన్న ఇరుళ మనిషికి పేరున్నది, ఇల్లున్నది, పెండ్లామున్నది. మన దగ్గర గూడ అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీం’ సినిమా 1990లోనే తీసిన్రు, నంది అవార్డులు వచ్చినయి. థియేటర్లలోకి వచ్చింది మాత్రం 2010లో. తీయడం ఒక ఎత్తు, తెర దొరకడం ఇంకో ఎత్తు.

మా రూములో ఇప్పుడు ఏ సినిమా చూసినా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నం. వెనకటి కథ ఎవరికిచ్చిన్రు, ఎవరికి ఇయ్యలేదు? ఎవరి భాష మనకు అర్థమయ్యేటట్టు చేసిన్రు? చివరికి కలం ఎవరి చేతిలో ఉన్నది? జవాబులు వచ్చినంక విజిల్ కొట్టాలనిపిస్తే కొడుతున్నం.

ఒక్క పని మీరు గూడ చెయ్యండి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి పెద్దమనుషుల దగ్గర కూర్చొని, మీ గూడెం ఎవరితో కొట్లాడిందో, ఎవరెవరు జైలుకు పోయిన్రో అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. మన భాషలోనే. ఆ తమ్ముడు ఇంకా గేటు బయటికే పోయి ఇంటికి ఫోన్ చేస్తున్నడు. వానికి వినిపియ్యడానికి కావాలె.

జోహార్ కొమురం భీం. జోహార్ గంటం దొర, మల్లు దొర.