పలనాటి రాయి, నాచు పుట్టుక

కృష్ణా డెల్టా నేల భూచరిత్రలో నిన్నమొన్నటిది. నది మోసుకొచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెట్టుతూ పేరుకున్న ఈ మైదానపు పైపొరల వయసు కొన్ని వేల ఏళ్లే కనుక, బందరు కాలువ రేవుమెట్లకు పట్టే నాచు తొలి పూర్వీకుల జాడ ఈ మట్టిలో దొరకదు. ఆ జాడ కోసం ఏటికి ఎదురు వెళ్లి, అమరావతి స్తూపానికి పద్మాలు చెక్కిన పలనాటి సున్నపురాయినీ, దానికి దక్షిణాన కర్నూలు, కడప శిలలనూ చూడాలి. లోతు తక్కువ సముద్రాల అడుగున పేరుకున్న ఈ శిలలు ప్రొటెరోజోయిక్ మహాయుగానివి, అంటే 250 కోట్ల నుంచి 54 కోట్ల ఏళ్ల కిందటి కాలానివి. వీటిపై భూవిజ్ఞాని విలియం కింగ్ రాసిన గ్రంథం 1872లో వెలువడింది.

కడప జిల్లా వేంపల్లె శిలల్లో స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల పాచి మీద సున్నం పొరపొరగా పేరుకోగా ఏర్పడిన రాళ్లు, కనిపిస్తాయి. అడ్డంగా కోస్తే బోర్లించిన గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఈ పొరలను కట్టిన వాటిలో ముఖ్యమైనవి సయనోబాక్టీరియా. నీలి ఆకుపచ్చ శైవలాలని పిలిచినా వీటి కణంలో కేంద్రకం లేదు గనుక ఇవి నిజమైన నాచు కావు. కర్నూలు సముదాయానికి చెందిన అవుకు షేల్‌లో, అంటే పలకలుగా విడిపోయే బురదరాయిలో, 2012లో వెల్లడైన, స్ప్రింగులా చుట్టుకున్న ఒబ్రుచెవెల్లా అనే సూక్ష్మశిలాజాన్ని కూడా సయనోబాక్టీరియాగానే భావిస్తారు.

కేంద్రకం గల ఒక కణం సయనోబాక్టీరియాను మింగి, అరిగించుకోకుండా తనలోనే నిలుపుకోగా, అది క్రమంగా హరితరేణువుగా మారడంతో అసలైన నాచు వంశం మొదలైంది. అందులో మిక్కిలి పాతదిగా చెప్పదగిన సాక్ష్యం మధ్య భారతంలోని చిత్రకూటంలో దొరికింది. అక్కడి 160 కోట్ల ఏళ్ల నాటి ఫాస్ఫేటు స్ట్రోమటోలైట్లను ఎక్స్‌రే కిరణాలతో లోపలిదాకా పరిశీలించిన స్వీడన్ శాస్త్రవేత్తలు, గదులుగదులుగా ఉన్న పోగులను చూసి, ఒక్కో గది నడుమ బిళ్లలాంటి భాగం ఉండడాన్ని బట్టి అవి ఎర్ర నాచు కావచ్చని 2017లో ప్రకటించి, భారతీయ భూవిజ్ఞాని రఫత్ అజ్మీ పేరిట వాటికి రఫతాజ్మియా అని పేరు పెట్టారు. సందేహానికి తావులేని ఎర్ర నాచు, రాతికి అంటుకునే పట్టుతో సహా, కెనడాలోని సుమారు 105 కోట్ల ఏళ్ల నాటి బాంగియోమోర్ఫా. ఆకుపచ్చ నాచుకు సాక్ష్యంగా చైనాలో దొరికిన ప్రొటెరోక్లాడస్ వయసు 100 కోట్ల ఏళ్లు, పొడవు 2 మిల్లీమీటర్లు. డెల్టా వరి పైరు మాత్రం ఈ ఆకుపచ్చ వంశంలోనే చారోఫైటులనే మరో శాఖకు చెందినది. ఆ శాఖ నాచే నేల మీదికి పాకి మొక్కయింది.