జూలియస్ జాలీ – ధర్మశాస్త్ర చరిత్ర రచన

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమున పెద్దచెఱువు క్రింద భూమిగల యొక కుటుంబము విభాగమునకు సిద్ధమైనదనుకొందము. తండ్రి జీవించియుండగనే కుమారులు పాలు కోరవచ్చునా? కూతురునకు భాగము కలదా? వితంతువు తనకు సంక్రమించిన భూమిని విక్రయింపవచ్చునా? ఇట్టి ప్రశ్నలకు చిరకాలము సమాధానము చెప్పిన గ్రంథము మితాక్షర. కల్యాణి చాళుక్య ప్రభువగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన వ్యాఖ్య యిది. ఇట్టి గ్రంథములను శాసనములుగ గాక చరిత్రాధారములుగ పరిశీలించిన పాశ్చాత్యులలో అగ్రగణ్యుడు జర్మను పండితుడగు జూలియస్ జాలీ. ఆయన జీవితమును, కృషిని ఇందు సంగ్రహముగ విచారింతుము.

జాలీ 1849లో హైడెల్బర్గులో జన్మించెను. తండ్రి ఫిలిప్ ఫాన్ జాలీ ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు. కుమారుడు సంస్కృతమును, తులనాత్మక భాషాశాస్త్రమును అభ్యసించి 1877లో వ్యూర్ట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందెను. 1932లో ఆ నగరముననే మరణించెను. న్యాయస్థానముతో గాక వ్యాకరణముతో ఆయన విద్య యారంభమైనదనుట గమనింపదగినది. వాక్యమునకు అర్థనిర్ణయము, పాఠమునకు కాలనిర్ణయము – ఈ రెండే ఆయన ధర్మశాస్త్రమునకు తెచ్చిన సాధనములు.

1772 నాటి హేస్టింగ్సు న్యాయవ్యవస్థ హిందువుల దాయాది విషయములను వారి శాస్త్రముల ననుసరించి తీర్పవలెనని నిర్ణయించెను. 1810లో కోల్బ్రూకు దాయభాగమును, మితాక్షరలోని దాయవిభాగ ప్రకరణమును ఆంగ్లీకరించెను. న్యాయాధిపతులకు ఈ గ్రంథములు నిశ్చలములగు చట్టములుగ కనబడెను. 1883లో కలకత్తాలో ఠాకూరు న్యాయోపన్యాసముల నిచ్చిన జాలీ, విభాగము, దాయము, దత్తత అను విషయములలో స్మృతికారుల యభిప్రాయములు కాలక్రమమున ఎట్లు మాఱినవో చూపెను. ఈ యుపన్యాసములు 1885లో ముద్రితములైనవి. శాస్త్రమునకును చరిత్ర కలదనుటయే వానిలోని ప్రధానాంశము.

నారదస్మృతి విషయమున ఆయన చేసిన కృషి మఱింత విశిష్టము. దానిని పరిష్కరించి, అనువదించి, లుప్తమైన బృహస్పతిస్మృతి ఖండములను నిబంధ గ్రంథములనుండి సేకరించి, 1889లో ప్రాచ్య పవిత్రగ్రంథమాలలో వాని యనువాదమును ప్రకటించెను. నారదుడు దీనారమును పేర్కొనుటనుబట్టి, రోమకుల నాణెము ఈ దేశమున వ్యాప్తి చెందిన పిమ్మటనే ఆ స్మృతి వెలసినదని వాదించెను. మనకీ యుక్తి దూరమైనది కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమక నాణెములు లభించినవి. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనములందు దీనారిమాషకములు కనబడుచున్నవి. ఒక్క పదమునుండి కాలమును పట్టు నీ పద్ధతి తెలుగు శాసన పరిశోధకులకును చిరపరిచితమే.

1896లో ఆయన ప్రకటించిన ప్రధానగ్రంథమునకు "ధర్మము, ఆచారము" అని యర్థమిచ్చు పేరు పెట్టుట సాభిప్రాయము. ఆచారము రుజువైనచో అది లిఖిత శాస్త్రముకంటె బలవత్తరమని 1868లోనే ప్రివీకౌన్సిలు ఒక మద్రాసు వ్యాజ్యెమున నిర్ణయించియుండెను. తెలుగుసీమలోని ఇల్లటము దీనికి చక్కని నిదర్శనము. అల్లుని ఇంట నిలుపుకొని ఆస్తిలో భాగమిచ్చు నీ యాచారము స్మృతులలో లేదు. అయినను మద్రాసు హైకోర్టు 1881లో దానిని గుర్తించినది.

జాలీ నిర్ణయములన్నియు సిద్ధాంతములు కావు. అర్థశాస్త్రము 1909లో మైసూరున వెలువడిన పిమ్మట, అది చంద్రగుప్తుని మంత్రి రచన కాదనియు, క్రీస్తుశకము మూడవ శతాబ్ది ప్రాంతమునకు చెందినదనియు ఆయన వాదింపగా, భారతీయ పండితులు పెక్కురు తీవ్రముగ ఖండించిరి. 1971లో ట్రౌట్‌మన్ శైలిగణనచేత అది ఏకకర్తృకము కాదని చూపెను. కావున ఆయన కాలనిర్ణయమును అంగీకరింపకున్నను, ఆయన సందేహము నిష్కారణమైనది కాదని చెప్పవచ్చును. కాణే మహాశయుని బృహద్గ్రంథము (1930–1962) వెలువడిన తరువాత జాలీ రచనలు పలుచోట్ల పాతబడినవనుటయు సత్యమే.

అయినను ఆయన పద్ధతి పాతబడలేదు. దాయముగ సంక్రమించిన ధనమును సైతము విజ్ఞానేశ్వరుడు స్త్రీధనమున చేర్చెను. ప్రివీకౌన్సిలు ఆ యర్థమును త్రోసిపుచ్చి, అట్టి యాస్తిపై స్త్రీకి పరిమితాధికారమే కలదని తీర్చెను. ఆ పరిమితి 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో గాని తొలగలేదు. శాస్త్రము చెప్పినదేది, న్యాయస్థానము చెప్పించినదేది యని వేఱుచేసి చూడకున్నచో, ఒకరి దోషము వేఱొకరిపై పడును. అటులని శాస్త్రకారుని సర్వవిషయముల సమర్థింప బనిలేదు. జన్మస్వత్వము మితాక్షరలో కుమారులదే. అవివాహితలగు కుమార్తెల కది ఆంధ్రప్రదేశమున 1985లో లభించెను. వివాహితలతో సహా కుమార్తెల కెల్లరకు దేశమంతట 2005లో విస్తరించెను.

మనకిచట ప్రత్యేకమైన పని యొకటి కలదు. పదుమూడవ శతాబ్దిలోనే, తిక్కనకు సమకాలికుడగు కేతన ఆచార వ్యవహార ప్రాయశ్చిత్త కాండములతో విజ్ఞానేశ్వరీయమును తెనిగించెను. వ్యవహారపదములకు ఆయన ప్రయోగించిన తెలుగు మాటలను శాసనములతోను, కైఫీయతులతోను పోల్చిచూచినచో, ఏ ధర్మము గ్రంథమున నిలిచెనో, ఏది ఊరి రచ్చలో నడచెనో తెలియును. ఇబ్రహీంపట్నపు పొలముగట్టుపై పుట్టిన ప్రశ్నకు పూర్తి చరిత్ర వ్రాయుటకు సంస్కృత గ్రంథములొక్కటియే చాలవు. జాలీ చూపిన మార్గమున ఆయన చూడని ఆధారములతో ముందుకు సాగుటయే ఆ పండితునకు మనమొనర్పదగిన గౌరవము.